పాముచెవుల అన్నయ్య

అన్నయ్యవి పాముచెవులని తెలిసినవాళ్ళంతా అనేవాళ్ళు. పాముకు చెవులెక్కడివండీ అని అడ్డు తగలకండి, నానుడికి శాస్త్రంతో పనేముంది. పగలంతా మోటార్లు బాగుచేసే షాపులో పని అతనిది. విప్పి చూడకుండానే, పక్కన నిలబడి కాసేపు విని, "దీనికి బేరింగు సరిగ్గా కూర్చోలేదు, నెల తిరక్కుండా ఏడుస్తుంది" అనేవాడు. అది ఏడ్చేది కూడా. సాయంత్రాలు ఇంటి పైగదిలో తన సొంత మిషన్ల ముందు కూర్చునేవాడు. వాటికి మీటే తీగలుండవు, ఊదే రంధ్రాలుండవు, కరెంటే ప్రాణం. నాబ్‌లు తిప్పుతూ తిప్పుతూ ఎక్కడా లేని శబ్దాన్ని పుట్టించి, దాన్ని లాప్‌టాప్‌లోకి ఎక్కించి, దాని మీద ఇంకోటి పేర్చి పాట కట్టేవాడు. మొదటి రోజు అన్నీ ఒకేసారి ఆన్ చేస్తే ఇల్లంతా చీకటైపోయింది. అందుకే బ్యాండుకు 'ఫ్యూజు' అని పేరు పెట్టుకున్నారు.

మనుషులు ముగ్గురే. మిషన్ల దగ్గర అన్నయ్య, మైకు దగ్గర చెల్లెలు, డ్రమ్ ప్యాడ్ల దగ్గర పిడుగు. ఈ పిడుగు అన్నయ్య స్నేహితుడు. పేరుకే పిడుగు, చేతిలో కర్రలు కింద పెట్టాడంటే నోట్లోంచి మాట రావడం గగనం. వెనక ఏ కంపెనీ లేదు. పాట వాళ్ళే కట్టుకోవాలి, వాళ్ళే రికార్డు చేసుకోవాలి, పెట్టెలు వాళ్ళే మోసుకోవాలి. రెండు ఆల్బమ్‌లు అలాగే తెచ్చారు. మూడోదాని పేరు 'ఆదివారం'. ఈ గొడవంతా దాని గురించే.

చెల్లెలిది బొంగురు గొంతు. చిన్నప్పుడు బళ్ళో పాటల టీచరు ఆమెను ఆఖరి వరుసలో నిలబెట్టి, "నువ్వు ఊరికే పెదాలు కదుపు తల్లీ, మిగతావాళ్ళు పాడుతున్నారుగా" అంది. ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడుస్తుంటే అన్నయ్య నవ్వాడు. "నీ గొంతుకేం కాలేదే. దానికి కరెంటు తగల్లేదు, అంతే" అన్నాడు. అని ఊరుకున్నాడా, పాత రేడియో స్పీకరుకు ఒక మైకు తగిలించి ఆ బొంగురును ఆమెకే వినిపించాడు. తన గొంతు తనకు నచ్చడం ఆ పూటే మొదలైంది. అన్నయ్యే లేకపోతే ఆ గొంతు స్నానాల గది గడప దాటేది కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, అన్నయ్యకూ తెలుసు, ఇద్దరూ ఎప్పుడూ పైకి అనుకోలేదు. తోడబుట్టినవాళ్ళ మధ్య ఇలాంటివి అనుకుంటే బాగుండదు.

చిక్కు ఎక్కడ మొదలైందంటే, 'స' దగ్గర.

"నువ్వు 'స' మింగేస్తున్నావే" అన్నాడు ఒకరోజు అన్నయ్య, రిహార్సల్ మధ్యలో ఆపి. "మిగతా అక్షరాలన్నీ వస్తున్నాయి. 'స' దగ్గరికొచ్చేసరికి గుంట పడుతోంది."

పాముచెవులు తీర్పు చెప్పాక ఇంక అప్పీలేముంటుంది. ఆమె ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి సాధన మొదలుపెట్టింది. బస్సులో, వంటింట్లో, చివరికి ఉద్యోగంలో కూడా పెదాలు మెదుపుతూనే ఉంది. ఆమె పనిచేసేది పళ్ళ డాక్టరు దగ్గర, వచ్చినవాళ్ళకు వరుస చూసి లోపలికి పంపే పని. ఎన్ని రోజులు కసరత్తు చేసినా అన్నయ్య "ఊహూఁ" అంటూనే ఉన్నాడు. ఇక లాభం లేదని ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఆ కుర్చీలో తనే పడుకుని, పళ్ళ సందుల్లోంచి గాలి పోతోందేమో చూడమని డాక్టర్ని అడిగింది. ఆయన లైటు వేసి అంతా చూసి, "నీ పళ్ళకేం, దిట్టంగా ఉన్నాయి. ఆ మాట అన్నవాణ్ణి చెవులు చూపించుకోమను" అని నవ్వాడు. ఆమె కూడా నోరు తెరుచుకునే నవ్వింది.

మరోపక్క పైగదిలో పాటలు రానురానూ కీచుగా తయారవుతున్నాయి. డ్రమ్ముల్లో చిస్ చిస్ మనే సన్నటి చప్పుడుంటుందే, అది సూదిలా దిగేది. ఆమె 'స' అంటే హెడ్‌ఫోన్లలో పాము బుసకొట్టినట్టుండేది. ఇదేదో కొత్త పోకడ కాబోలు, మనకు తెలియని మర్మం ఏదో ఉండే ఉంటుందని ఆమె సరిపెట్టుకుంది. అన్నయ్యను తప్పుపట్టడం అలవాటు లేని మనిషికి తన్ను తాను తప్పుపట్టుకోవడం తేలిక. జుట్టు చెవుల మీదికి లాక్కుని లోపల దూది పెట్టుకునేది. పిడుగైతే ఏమీ అనకుండా తన స్టూలు జరుపుకుంటూ జరుపుకుంటూ గుమ్మం దాకా వెళ్ళిపోయాడు.

వదినే అసలు కబురు చెప్పింది, అదీ నవ్వుతూ.

"మీ అన్నయ్య సంగతి విన్నావా. నిన్న ఒళ్ళు వెచ్చబడిందని థర్మామీటరు చంకలో పెట్టుకున్నాడు. నేను వంట చేసుకుని, పాపకు స్నానం చేయించి వచ్చేసరికి ఇంకా అలాగే కూర్చున్నాడు, ఇది మోగట్లేదే పాడైపోయినట్టుంది అంటూ. అది మోగి మోగి ఊరుకుంది, నాకు వంటింట్లోకి వినబడింది. ధ్యాసంతా ఆ మిషన్ల మీదే, ఏం చేస్తాం."

చెల్లెలు నవ్వబోయి ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఆమె చేసిన పనికి ఆమెకే తన మీద రోత పుట్టింది. రిహార్సల్లో అన్నయ్య కళ్ళు మూసుకుని తలాడిస్తున్నప్పుడు, చేయి చాచి ఆ చిస్ చిస్ చప్పుడు వచ్చే వైరు మెల్లగా పీకేసింది. పిడుగు ఉలిక్కిపడి చూశాడు. ఆగొద్దని సైగ చేసింది. అన్నయ్య తల అలాగే ఆడుతోంది, అదే లయ, అదే తన్మయత్వం. పాట అయిపోయింది. కళ్ళు తెరిచి, "బాగానే ఉంది కానీ, ఆ చిస్ చిస్ ఇంకొంచెం పెంచుదామా" అన్నాడు.

లేనిదాన్ని పెంచుదామంటున్నాడు. ఆమె తేలు కుట్టిన దొంగలా తలూపింది.

మెట్ల మీద పిడుగు దగ్గర బయటపడింది. "నాకు ముందే తెలుసు" అన్నాడతను.

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను. నువ్వు చెప్పగలవా?"

పిడుగు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆల్బమ్‌కు ఆఖరి మెరుగు పెట్టేవాళ్ళు వేరే ఉంటారు. అలాంటి ఒకావిడ దగ్గరికి ఇద్దరూ అన్నయ్యకు తెలియకుండా వెళ్ళారు. ఆవిడ మొదటి పాట సగం కూడా వినకుండానే హెడ్‌ఫోన్లు తీసేసి చెవి రుద్దుకుంది. "ఈ చప్పుళ్ళు కలిపినాయన పెద్దాయనా?" అంది. నలభై దాటి ఎంతో కాలం కాలేదంటే జాలిగా చూసింది. "ఎన్నేళ్ళుగా స్పీకర్ల పక్కన నిలబడుతున్నాడో పాపం. వంటమనిషి నాలుక మొద్దుబారితే కూరలో ఉప్పు పెరుగుతుంది, ఇదీ అంతే. సన్నటి చప్పుళ్ళే ముందు పోతాయి, తనకు వినబడనివన్నీ వినబడేదాకా పోస్తున్నాడు. పోయిన వినికిడి తిరిగిరాదమ్మా. ఉన్నది నిలుపుకోవాలంటే మాత్రం ఇవాళే ఆపించండి."

ఇవాళే ఆపించండి అంటే ఎంత తేలికో చూడండి. ఆపితే అన్నయ్య ఏం చేస్తాడు? మిషన్ల ముందు కూర్చోని అన్నయ్యను ఆమె ఊహించుకోబోయి ఊహించుకోలేకపోయింది. దాని వెనక ఇంకో భయం కూడా ఉంది, అదే పెద్దది. అన్నయ్య లేకపోతే తన గొంతు మళ్ళీ ఆఖరి వరుసలోకి వెళ్ళిపోతుంది. అందుకని, ఆల్బమ్ బయటికి రాగానే చెబుతానని తనకు తనే మాటిచ్చుకుంది. ఆవిడ చేత పాటలన్నీ మళ్ళీ సరిచేయించింది. కీచుదనం తగ్గింది, 'స' మామూలు 'స' అయింది. లోకానికి వెళ్ళేది అది. అన్నయ్య ఫోనులో పెట్టింది మాత్రం అన్నయ్య కలిపిందే. ఒకే ఆల్బమ్, అన్నయ్యకొకటి, మిగతా జనానికొకటి. మింగలేకా కక్కలేకా ఉండిపోయింది.

"అబద్ధమాడినా అతికినట్టుండాలి" అన్నాడు పిడుగు. "ఇది అతకదు."

"అతికించు. ఒక్క సాయంత్రం."

ఆ సాయంత్రం అంటే ఆల్బమ్ విడుదల. ఒకప్పుడు కాగితం రీళ్ళు నిలవచేసిన గిడ్డంగిని హాలుగా మార్చారు, అందులో. ఫ్యూజు వాళ్ళకొక ఆనవాయితీ ఉంది. కొత్త ఆల్బమ్ వచ్చిన రోజు, ముందు లైట్లన్నీ వేసి ఉంచి ఆల్బమ్ మొత్తం స్పీకర్లలో వినిపిస్తారు. జనం నిలబడి, కూర్చుని, కబుర్లాడుకుంటూ వింటారు. అది అయ్యాకే వీళ్ళు వేదిక ఎక్కి వాయిస్తారు. అంటే ఆల్బమ్ మోగుతున్నంతసేపూ అన్నయ్యను వేదిక వెనక గదిలోంచి బయటికి రానివ్వకూడదు. దానికి పిడుగు ఒక ఉపాయం చేశాడు. మిషన్ల వెనకున్న వైర్ల చిక్కులో ఒకదాన్ని వదులుచేసి, "ఏదో మిషను మాట్లాడట్లేదు" అని అన్నయ్యకు చెప్పాడు. అది వెతుక్కునేసరికి ఆల్బమ్ అయిపోతుందని లెక్క.

అన్నయ్య చేతులకు చెవుడు రాలేదు కదా. వైర్ల మీద ఇలా వేళ్ళు పోనిచ్చి అలా పట్టేసుకుని, బిగించేసి, ప్యాంటుకు చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చేశాడు.

చెల్లెలు అప్పుడు ముందు వరుసలో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. వెనక గోడ దగ్గర అన్నయ్య కనబడేసరికి నోట్లో పచ్చివెలక్కాయ పడినట్టయింది. జనాన్ని తోసుకుంటూ వెళ్ళేలోపు అతను హాలు సౌండ్ చూసే మనిషి దగ్గరికి చేరాడు.

"మీ పైస్పీకర్లు కాలిపోయినట్టున్నాయి, చూడండి" అంటున్నాడు.

"లేదండీ, బాగానే ఉన్నాయి."

"బాగుండటమేంటి. సన్నటి పైచప్పుడు ఒక్కటీ రావట్లేదు. దుప్పటి కప్పినట్టుంది."

సౌండు మనిషి అయోమయంగా చెల్లెలి వంక చూశాడు. ఆమె అన్నయ్య చేయి పట్టుకుంది. "అన్నయ్యా, లోపలికి రా, చెబుతాను."

"ఉండవే." అతను చెయ్యెత్తి ఆమెను ఆపాడు. పాట మారింది. అది ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట. ఒక ఆదివారం పాప చెంచా పుచ్చుకుని గాజుగ్లాసును పొద్దుట్నుంచీ వాయిస్తే, వదిన ఇక తట్టుకోలేక గ్లాసు లాక్కోబోయింది. ఆగాగు అంటూ అన్నయ్య మైకు పట్టుకుని పరిగెత్తాడు. ఆ టింగు టింగు పాట నడుమ వస్తుంది, సరిగ్గా చెల్లెలు పాడటం ఆపి ఊపిరి తీసుకునే చోట. అన్నయ్య ఈ ఆల్బమ్‌లో అన్నిటికంటే దేన్ని ముద్దు చేశాడూ అంటే ఆ గ్లాసునే.

ఆ చోటు వచ్చింది. గ్లాసు మోగింది, తేటగా, హాయిగా, ఎవరి చెవినీ గుచ్చకుండా. అన్నయ్య ముఖంలో ఉలుకూ పలుకూ లేదు. ఇంకా ఎదురుచూస్తున్నాడు.

"గ్లాసేది?" అన్నాడు చివరికి. "గ్లాసు తీసేశారా?"

ఇక్కడ చెల్లెలికి రెండు దారులున్నాయి. తీసేశామంటే అన్నయ్య మండిపడతాడు, కానీ పాముచెవులు పాముచెవుల్లాగే ఉండిపోతాయి. ఉందంటే అయిపోయింది. ఎంతసేపు ఆలోచిస్తుంది పాపం.

"తీసేశాం అన్నయ్యా. ఆఖరి మెరుగు పెట్టే ఒకావిడకు వినిపించాం, ఆవిడ వద్దంది. నీకు చెప్పలేదు. తప్పు నాదే."

అన్నయ్య ముఖం ఎర్రబడింది. "పాప గ్లాసు తీసేశారా? నన్నడక్కుండా? నా పాట..." అంటూ అటు తిరిగాడు, ఎవరి మీద అరవాలో తెలియక. అటువైపు, తలుపు పక్కన, వదిన పాపను ఎత్తుకుని నిలబడి ఉంది. పాప ఒక చేత్తో అమ్మ మెడ పట్టుకుంది. రెండో చేతిలో లేని చెంచా పట్టుకుని గాలిలో కొడుతోంది. ఒకటి, ఆగి ఇంకొకటి, వెంటవెంటనే రెండు, మళ్ళీ ఆగి ఒకటి.

ఆ వరుస అన్నయ్య కూర్చినదే. పిల్ల ఇష్టమొచ్చినట్టు కొట్టిన దెబ్బల్ని కోసి, అతికించి, ఆ ఎడం ఆ ఎడంగా పెట్టింది తనే. గుర్తుపెట్టుకుని కొట్టడం ఆ వయసు పిల్లకు రాదు. వింటేనే కొట్టగలదు.

అతను పాప చేతినే చూశాడు. పాప చెయ్యి ఆగింది. అదే క్షణంలో చెల్లెలి గొంతు స్పీకర్లలో మళ్ళీ మొదలైంది, సరిగ్గా మొదలవ్వాల్సిన చోట.

"ఉంది కదూ" అన్నాడు అన్నయ్య.

ఆమె అవునన్నట్టు తలూపింది.

వెనక గదిలోకి వచ్చి ఒక పెట్టె మీద కూర్చున్నాడు. పిడుగు గుమ్మంలోనే తలవంచుకుని నిలబడ్డాడు. చెల్లెలు జరిగిందంతా చెప్పింది, థర్మామీటరు, వైరు పీకడం, రెండు ఆల్బమ్‌లు, ఉప్పు ఎక్కువైన కూర మాట, అన్నీ. చావుకబురు చల్లగా చెప్పినట్టు ఇన్నాళ్ళకు ఇప్పుడు చెబుతున్నందుకు తిడతాడని చూసింది. ముందే చెప్పి ఉంటే ఇంకాస్త మిగిలేది కదే అంటాడని గోడకు ఆనుకుని ఎదురుచూసింది. అన్నయ్య ఆ మాట అనలేదు.

"నేను కలిపింది వింటే ఎలా ఉండేది?" అన్నాడు.

"బాగానే..."

"అబద్ధాలు చాల్లే."

"గుచ్చుకునేది అన్నయ్యా. చెవుల్లో సూదులు దిగినట్టు."

"మరి రోజూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎలా పాడేదానివి?"

"దూది పెట్టుకునేదాన్ని."

అన్నయ్య పిడుగు వంక చూశాడు. "నువ్వు గుమ్మం దగ్గర కూర్చునేది ఇందుకా. గాలి కోసం అన్నావు."

పిడుగు ఏడుస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఎవరూ చూడనిది. ఏడవడం కూడా చప్పుడు లేకుండానే.

"అంటే ఇన్నాళ్ళూ నేను మీకు నొప్పి పెడుతున్నాను" అన్నాడు అన్నయ్య. "పెట్టి, పైగా 'స' మింగుతున్నావని నిన్నే అన్నాను. పళ్ళు కూడా చూపించుకున్నావు కదూ, మీ వదిన చెప్పింది. నేను నవ్వాను." చెల్లెలు వెళ్ళి అతని కాళ్ళ దగ్గర కూలబడింది. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి ఏడ్చిన ఏడుపు మళ్ళీ వచ్చింది. ఈసారి నవ్వి ఊరడించే మనిషే ఏడుస్తున్నాడు.

బయట ఆల్బమ్ అయిపోయింది. చప్పట్లు. ఎవరో తలుపు తట్టి, "రెడీనా" అన్నారు.

"ఇవాళ మానేద్దాం" అంది ఆమె.

"మానేస్తే ఎలా. జనం మన కోసం వచ్చారు." అన్నయ్య చొక్కా అంచుతో ముఖం తుడుచుకుని లేచాడు.

వేదిక మీద చప్పుళ్ళన్నీ కలిపే అతని మిక్సర్‌కు పక్కగా ఒక పెద్ద నాబ్ ఉంటుంది. హాల్లోకి వెళ్ళే పైచప్పుళ్ళన్నిటికీ అదే తాళంచెవి. కుడికి తిప్పితే పెరుగుతాయి, ఎడమకు తిప్పితే తగ్గుతాయి. ఇన్నాళ్ళూ అది కుడికే ఉండేది. అన్నయ్య మిషన్లు ఆన్ చేసి, మొదటి పాట మొదలుపెట్టే ముందు దాన్ని పట్టుకుని ఎడమకు తిప్పాడు. ఇంకా తిప్పాడు. ఇక తిరగదన్న దాకా తిప్పి చేయి తీశాడు.

పాట మొదలైంది. పిడుగు కొడుతున్నాడు, కొట్టిన దెబ్బల్లో సన్నటివన్నీ మాయమై దడ దడ ఒక్కటే మిగిలింది. చెల్లెలు పాడటం మొదలుపెట్టి తన గొంతు విని అదిరిపోయింది. మాటలకు అంచుల్లేవు. 'స' లేదు. అది ఉండాల్సిన చోట నిజంగానే గుంట పడుతోంది. పక్కింట్లో ఎవరో పాడుకుంటుంటే గోడ ఇవతల నుంచి విన్నట్టుంది. అప్పుడు అర్థమైంది ఆమెకు. అన్నయ్యకు తను ఇలాగే వినబడుతోంది. ఎన్నాళ్ళుగానో ఇంతే వినబడుతోంది. ఇంత మాత్రం గొంతు విని, ఆ మిగతాది ఎక్కడ పోయిందా అని రోజూ పైగదిలో వెతుక్కుంటూ కూర్చున్నాడు. వెతకడం ఆపలేదు.

ఆదివారం పాటలో గ్లాసు చోటు వచ్చింది. ఆమె పాడటం ఆపి ఊపిరి తీసుకుంది. హాల్లో ఏమీ మోగలేదు. అన్నయ్య ఆ కాసేపూ తల వంచుకుని నిలబడ్డాడు. సౌండు మనిషి దూరం నుంచి, నా దగ్గర సరిచెయ్యనా అన్నట్టు చెయ్యెత్తి సైగ చేశాడు. పిడుగు ఆమె వంక చూశాడు. ఆమె వద్దని తల అడ్డంగా ఊపింది. తర్వాతి చరణంలో ఆమె గొంతు రెండుసార్లు విరిగింది. జనం అది పాటలో భాగమే అనుకున్నారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. బయటికి వెళ్ళేటప్పుడు ఒకాయన, "ఈసారి మెత్తగా వాయించారు, కొత్తగా ఉంది" అని పిడుగు భుజం తట్టి వెళ్ళాడు.

అందరూ వెళ్ళాక ముగ్గురూ సామాను సర్దుకున్నారు. పాప వదిన భుజం మీదే నిద్రపోయింది. అన్నయ్య వైర్లు చుట్టి, మిషన్లను ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి పెట్టెల్లో పెట్టాడు. ఏ మిషను ఏ పెట్టెలోదో అతనికి చూడక్కర్లేదు.

"ఇవాళ ఎవరికీ నొప్పి పుట్టలేదు కదా?" అన్నాడు ఆమె వైపు చూడకుండా.

"లేదన్నయ్యా."

"నీకు?"

"నాకూ లేదు." చెవులకు లేదు, ఆ మాట నిజం.

"అయితే ఇవి మీ ఇంటికి తీసుకెళ్ళు."

"మా ఇంటికెందుకు? ఇవి నీవి."

"నా ఇంట్లో ఉంటే తిప్పుతానే" అన్నాడు అన్నయ్య. "చేతికి అందేచోట ఉంటే తిప్పకుండా ఉండలేను. తిప్పితే వినబడేదాకా తిప్పుతాను. పైగదిలో పాప కూడా కూర్చుంటుంది నా పక్కన."

ఆమె ఏదో అనబోయింది. మందులున్నాయి, చెవిలో పెట్టుకునే మిషన్లు వస్తున్నాయి, నేను పక్కన కూర్చుని చెబుతాను, అవన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. అన్నయ్య అప్పటికే పెద్దపెట్టెకు ఒక వైపు పిడి పట్టుకుని, రెండో వైపు ఆమె కోసం వంగి ఎదురుచూస్తున్నాడు. ఆమె వచ్చి రెండో పిడి పట్టుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని ఎత్తి, తలుపు దాటించి, ఆమె ఇంటికి వెళ్ళే బండిలో ఎక్కించారు.